నిందంతా పిల్లి మీదేనా?

పిల్లిని పెంచితే స్కిజోఫ్రెనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు వస్తుందని సైంటిస్టులు తేల్చేశారట. పిల్లి మలంలోని పురుగు మెదడుకెక్కుతుందట. రక్తపరీక్షలో పట్టేయొచ్చట, నులిపురుగుల మాత్ర వేసుకుంటే నయమైపోతుందట. ఫోన్లలో చక్కర్లు కొడుతున్న మెసేజీ సారాంశం ఇదీ. ఉత్త గాలి కబురైతే పట్టించుకోనక్కర్లేదు. ఇందులో కాస్త నిజం కలిసింది, అదే చిక్కు.

మొదట 'తేల్చేశారు' సంగతి. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా గోండీ అనే పరాన్నజీవి ఉండొచ్చన్నమాట నిజమే. స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్ల రక్తంలో దాని యాంటీబాడీలు ఎక్కువగా కనిపిస్తున్నాయి. పాత అధ్యయనాలన్నీ కలిపి 2012లో వేసిన లెక్కలో ఆడ్స్ నిష్పత్తి (సోకినవాళ్లకూ సోకనివాళ్లకూ జబ్బు అవకాశంలో తేడా ఎన్ని రెట్లో చెప్పే అంకె, 1 అంటే తేడా లేనట్టే) సుమారు 2.7. ఎనభై వేల మందికి పైగా రక్తదాతలతో డెన్మార్క్‌లో చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో అది 1.5కి కాస్త తక్కువే. రక్తం ఇచ్చాక జబ్బు బయటపడ్డవాళ్లను విడిగా చూస్తే మళ్లీ పెరిగింది, సంబంధం ఉందనేవాళ్లకు ఇది బలమైన ఆధారమే. కానీ న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 837 మందిని పరీక్షించిన 2016 అధ్యయనంలో చెప్పుకోదగ్గ సంబంధమే కనబడలేదు. ఇంకా తేలని వ్యవహారమిది.

ఇక పిల్లి. పిల్లులతో మెలిగినవాళ్లకు ముప్పు రెట్టింపని 17 అధ్యయనాలను కలిపి చూసిన ఆస్ట్రేలియా పరిశోధకులు 2023 చివర్లో చెప్పారు, నిజమే. ఇంతకన్నా నాణ్యమైన అధ్యయనాలు కావాలని కూడా వాళ్లే రాశారు. మెసేజీలో ఆ ముక్క ఎగిరిపోయింది! బ్రిటన్‌లో వేల మంది పిల్లలను గమనించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో కుటుంబ స్థితిగతులు, ఇరుకిళ్లు లాంటివి లెక్కలోకి తీసుకున్నాక, పిల్లికీ 13, 18 ఏళ్ల వయసులో కనిపించే సైకోసిస్ లక్షణాలకూ (లేనివి కనిపించడం, వినిపించడం లాంటివి) సంబంధం మిగల్లేదు. అసలు పిల్లి ఈ క్రిమిని విసర్జించేది సాధారణంగా మొదటిసారి సోకినప్పుడు, ఒకటి నుంచి మూడు వారాలే. బయటపడ్డాక అది అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. రోజూ మలం తీసేసే ఇంట్లో పిల్లికన్నా సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూరల విషయంలోనే ఎక్కువ జాగ్రత్త పడాలి.

రక్తపరీక్షలో ఐజీజీ అనే రకం యాంటీబాడీ పాజిటివ్ వచ్చిందంటే ఎప్పుడో సోకిందని మాత్రమే అర్థం. ప్రపంచ జనాభాలో దాదాపు మూడో వంతు మందికి ఇది సోకి ఉంటుందని అంచనా. స్కిజోఫ్రెనియా ఉన్నది సుమారు 300 మందిలో ఒకరికి.

అన్నిటికన్నా ప్రమాదం ఆ మాత్ర సలహాతోనే. బడుల్లో ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న పిల్లలకు మింగించే ఆల్బెండజోల్ పేగుల్లోని నులిపురుగులకు. టాక్సోప్లాస్మా పురుగే కాదు, కంటికి కనబడని ఏకకణ జీవి. మెదడులో తిత్తి కట్టి కూర్చున్నాక దాన్ని పూర్తిగా తుడిచిపెట్టే మందు ఇప్పటికి లేదు. స్కిజోఫ్రెనియా మందులకు తోడుగా ఈ క్రిమిపై పనిచేస్తాయనుకున్న అజిత్రోమైసిన్, ట్రైమెథోప్రిమ్, ఆర్టిమీథర్ ఇచ్చి చూసిన ట్రయల్స్‌లో లక్షణాలు తగ్గించడంలో ఉత్తుత్తి మాత్ర కన్నా అవి మెరుగనిపించుకోలేదు. 'పురుగు మందు వేశాం కదా' అని ఇంట్లోవాళ్లు సైకియాట్రిస్టు రాసిన మందులు ఆపేస్తే, జబ్బు తిరగబెట్టే అవకాశం చాలా ఎక్కువ.