నేలకు బిగించిన అంతరిక్షం

మధురవాడ నుంచి గాజువాక దాకా టెక్ ఫెస్టుల సీజన్ వచ్చిందంటే విశాఖలో అంతరిక్ష పరిశోధన విరగకాస్తుంది. స్టాల్ మాత్రం ఎప్పుడూ ఒకటే. టేబుల్‌కి నాలుగు బోల్టులతో బిగించిన రోబో చెయ్యి, ఫ్యాన్ కొక్కేనికి దారంతో వేలాడే థర్మాకోల్ ఉపగ్రహం, వెనకాల ఫ్లెక్సీ: ‘అదుపు తప్పిన ఉపగ్రహాలకు మన విశాఖ పరిష్కారం’.

ముఖ్య అతిథి రాగానే ఫ్యాన్ ఆపేస్తారు. లేకపోతే ఉపగ్రహం నిజంగానే తిరుగుతుంది, అది కార్యక్రమంలో లేదు. సర్వో మోటారు మూలుగుతుంది, చెయ్యి లేచి థర్మాకోల్‌ని పట్టుకుంటుంది. చప్పట్లు. ‘ఫొటో రాలేదు, ఇంకోసారి పట్టించండి’ అంటారు అతిథి గారు. ఈలోగా దారం చిక్కుపడుతుంది, ఒక కుర్రాడు స్టూలెక్కి విప్పుతాడు. మళ్ళీ పట్టుకుంటుంది, మళ్ళీ చప్పట్లు. శాలువా అతిథికి, మెమెంటో ప్రిన్సిపాల్‌కి. న్యాయంగా ఆ శాలువా బోల్టులకు కప్పాలి. పనంతా చేసింది అవే.

పైన అంతరిక్షంలో బోల్టు బిగించడానికి నేల లేదు మరి. చెయ్యి ఒక వైపు ఊగితే దాన్ని మోసే నౌక రెండో వైపు తిరుగుతుంది. కీళ్ళు ఎంత కదిలితే వేలు ఎంత కదులుతుందో చెప్పేది జాకోబియన్; టేబుల్ మీద వేసిన ఆ లెక్కతో వెళ్తే వేలు అనుకున్న చోటికి చేరదు. నౌక తిరుగుడునీ కలుపుకొన్న జనరలైజ్డ్ జాకోబియన్‌ని జపాన్‌లో ఉమెతాని, యోషిడా 1980ల్లోనే రాసిపెట్టారు.

ఇక పట్టాల్సిన సరుకు సంగతి. 2012లో మూగబోయిన యూరప్ ఉపగ్రహం ఎన్విశాట్ దాదాపు 8 టన్నులు. 2013లో లేజర్‌తో కొలిస్తే 134 సెకన్లకో చుట్టు తిరుగుతున్నట్టు తేలింది. అక్షానికి 5 మీటర్ల దూరంలో పట్టుకోవాలంటే ఆ చోటు సెకనుకు 23 సెంటీమీటర్లు పరిగెడుతుంటుంది. వేలి కొస ఆ వేగాన్ని అందుకున్నాకే తాకాలి. మణికట్టు బిగుసుకుని ఉంటే వేళ్ళు మూసుకునేలోపే సరుకు తన్నుకుని దూరం జరుగుతుంది. పట్టు దొరికాక కూడా ఒక్కసారిగా ఆపితే ఆ విసురంతా కీళ్ళ మీదా, సోలార్ ప్యానెల్ మీదా పడుతుంది. మెల్లగా ఆపినా ఆ తిరుగుడు, అంటే కోణీయ ద్రవ్యవేగం, నౌకలోకే వస్తుంది. నౌకను అదుపులో ఉంచే లోపలి చక్రం, రియాక్షన్ వీల్‌కి పట్టేది పదుల న్యూటన్-మీటర్-సెకన్లు, ఎన్విశాట్‌లో ఉన్నది వేలల్లో. మిగతాది థ్రస్టర్లు కాల్చి వదిలించుకోవాలి.

1984లో పాడైన ఉపగ్రహం సోలార్ మాక్స్‌ను పట్టుకోబోతే పరికరం కుదరలేదు. ఉపగ్రహానికి కప్పిన ఉష్ణరక్షక దుప్పటిని పట్టి ఉంచే గ్రోమెట్ అనే చిన్న ముక్క అడ్డొచ్చింది. వ్యోమగామి నెల్సన్ సోలార్ ప్యానెల్ పట్టుకుని ఆపబోతే తిరుగుడు ఇంకా పెరిగింది. కింది నుంచి ఇంజనీర్లు ఉపగ్రహంలోని మాగ్నెటిక్ టార్కర్లతో (భూమి అయస్కాంత క్షేత్రం ఆసరాగా తిప్పే తీగచుట్టలతో) నెమ్మదింపజేశాకే షటిల్ చెయ్యి దాన్ని అందుకుంది.

ఇది పిల్లలకు తెలియదా? కోణీయ ద్రవ్యవేగ నిత్యత్వం ఇంటర్ పాఠం. దాని మీద బిట్లు చేసే ఈఏపీసెట్ ర్యాంకు తెచ్చుకున్నారు. కాలేజీల పెద్దలారా, ఫీజులు కట్టించుకుని, ఆ పాఠాన్నే మరిచిపొమ్మని నేర్పడానికి మీకు సిగ్గుండాలి! నేల పట్టు లేని స్థితిని ఇక్కడే చూపించడానికి కావలసిందల్లా నునుపైన రాతి పలక, సన్నని గాలి పొర మీద తేల్చే మూడు ఎయిర్ బేరింగులు, గాలి సిలిండర్. రాయి దొరకదంటారా? టెక్కలి గ్రానైట్ ఇక్కడికి ఎంత దూరం? మీ ప్రిన్సిపాల్ గదిలో కాళ్ళ కింద పరిచింది ఏమిటి?

ఆ నాలుగు బోల్టులూ ఊడదీయండి. చెయ్యిని బేరింగుల మీద తేలనిచ్చి, ఉపగ్రహాన్ని ఒక్క తిప్పు తిప్పి, అప్పుడు పట్టించండి. అతిథి గారిని మాత్రం కాస్త దూరంగా కూర్చోబెట్టండి.