టన్నేజీ పెంచే ముందు డక్టులు చూసుకోండి

ఏసీ సరిగా చల్లబరచకపోతే ఎక్కువ టన్నుల మెషీన్ తీసుకోమని ఒక వ్యాసంలో రాశారు. నేనైతే ఒప్పుకోనండీ. మాది విజయవాడ పటమటలో పై అంతస్తు. హాలుకీ, రెండు గదులకీ కలిపి డక్టబుల్ ఏసీ పెట్టించాం, అంటే ఒకే మెషీన్ నుంచి సీలింగ్‌లోని డక్టులనే గొట్టాల గుండా చల్లగాలి వస్తుంది. రోహిణీ కార్తెలో హాల్లో దుప్పటి కప్పుకోవాలి, చివరి గదిలో మా అమ్మ విసనకర్రతో కూర్చోవాలి! పెట్టినతను వచ్చి గ్యాస్ తగ్గిందంటూ రెండుసార్లు డబ్బు పట్టుకెళ్లాడు. ఆఖరికి ఇంకో మెకానిక్ ఫాల్స్ సీలింగ్ మూత తీసి చూపించాడు. జాయింటు ఊడిపోయి చల్లగాలంతా శ్లాబు కింద తిరుగుతోంది. మేం సీలింగ్‌ని చల్లబరుస్తున్నామన్నమాట.

అతికించింది మామూలు డక్ట్ టేపుతో. పేరులో డక్ట్ ఉందిగానీ వేడికి జిగురు ఎండి ఊడొస్తుంది. అమెరికాలో లారెన్స్ బర్కిలీ ప్రయోగశాల వాళ్లు 1998లోనే పరీక్షించి ఈ మాట చెప్పారు. జాయింట్లకు సందులు మూసే మాస్టిక్ పేస్టు పూయించాం, వేలాడుతున్న ఫ్లెక్సిబుల్ గొట్టాన్ని సాగదీసి తిన్నగా కట్టించాం. మెలిక పడితే గాలి అక్కడే ఆగిపోతుంది. ఇన్సులేషన్ చిరిగిన చోట కూడా చూడండి, మన కృష్ణ ఒడ్డు ఉక్కకు డక్టుకి చెమట పట్టి సీలింగ్ మీద మరకలొస్తాయి.

లీకు పట్టడానికి ఫ్యాన్లు ఆపి, ఏసీలో గాలి తోసే బ్లోయర్ నడుస్తుండగా జాయింటు దగ్గర అగరబత్తి పెట్టండి. పొగ చెదిరిందంటే దొరికినట్టే. మాకిప్పుడు అదే పాత మెషీన్, 26లో పెట్టినా చివరి గది చల్లగానే ఉంటోంది.