బొకొనాక్ మేడ కింద మన కొల్లూరు

ఇంగ్లండు పల్లెల్లోని పాత దొరల మేడల గురించి రాసేవారు స్తంభాలను, మెట్లదారులను, జింకల వనాలను పేజీల కొద్దీ వర్ణించి, మేడ కొన్న డబ్బు దగ్గరికి వచ్చేసరికి ఒక్క వాక్యంతో దాటిపోతారు. కార్న్‌వాల్‌లోని బొకొనాక్ భవంతి విషయంలో ఆ వాక్యం, పిట్ వజ్రం అమ్మిన సొమ్ముతో థామస్ పిట్ ఈ ఎస్టేటును కొన్నాడన్నది. అది అక్కడితో ఆగిపోవడమే నా అభ్యంతరం.

ఆ వజ్రం కృష్ణాతీరపు గోల్కొండ గనులది. ఎక్కువ మంది కొల్లూరు పేరే చెబుతారు. 1698 నుంచి 1709 వరకు మద్రాసు సెయింట్ జార్జి కోటలో గవర్నరుగా ఉన్న పిట్, జామ్‌చంద్ అనే వర్తకుడి దగ్గర 410 క్యారెట్ల ముడిరాయిని 48,000 వరహాలకు, అంటే దాదాపు 20,400 పౌండ్లకు కొన్నాడు. లండన్‌లో సానపట్టాక అది సుమారు 140 క్యారెట్లకు దిగింది. అయినా 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధి దానికి 1,35,000 పౌండ్ల దాకా ఇచ్చాడు. అది దొంగసొత్తన్న నింద రావడంతో, తాను కొన్న తీరును పిట్ 1710లో వివరంగా రాసిపెట్టాడు. కొన్నాడనే నేనూ ఒప్పుకుంటాను. నాకు దొంగతనం కథ అక్కర్లేదు, లెక్క చాలు. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ 17వ శతాబ్దంలో కొల్లూరు చూసి, అక్కడ ఆడా మగా పిల్లలూ కలిపి 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. మరో గనిలో పని క్షుణ్ణంగా తెలిసిన కూలీకి సైతం ఏడాదికి మూడు వరహాలే ముడుతున్నాయని రాసినదీ అతడే. ఆ చొప్పున పిట్ చెల్లించిన ధర ఒక మనిషి పదహారు వేల ఏళ్ల కూలి, అది కూడా లాభం కలపకముందు.

భవంతి చరిత్ర రుచించనిదేమీ కాదు. ఇంగ్లండు అంతర్యుద్ధంలో, 1644లో, మొదటి చార్లెస్ రాజు ఇక్కడే విడిది చేశాడు. తరువాతి యజమాని మోహన్ ప్రభువు 1712లో హైడ్ పార్కులో ద్వంద్వయుద్ధం చేసి, ప్రత్యర్థితో పాటు తానూ చచ్చాడు. ఆ తరువాతే ఎస్టేటు పిట్ చేతికి వచ్చింది. వాస్తుకళ మీద మోజున్న అతడి వంశీకుడు, కేమెల్ఫర్డ్ ప్రభువు, దక్షిణపు భాగాన్ని చిత్రశాలతో సహా కట్టించాడు, వాస్తుశిల్పి జాన్ సోన్ చేత మార్పులు చేయించాడు, 1771లో ఒక బంధువు స్మృతికి 123 అడుగుల రాతిస్తంభం నిలబెట్టాడు. పిట్ మనుమడు, మునిమనుమడు ఇద్దరూ ప్రధానమంత్రులయ్యారు. ఇరవయ్యో శతాబ్దంలో పాడుబడిన ఆ మేడలో దక్షిణపు భాగాన్ని కూల్చేశారు. మిగిలినదాన్ని ఓపికగా బాగుచేసినందుకు 2012లో పునరుద్ధరణ పురస్కారం వచ్చింది. ఆ శ్రమను నేను తక్కువ చేయను. కానీ కూలిన గోడల గురించి అంత శ్రద్ధగా రాయగలిగినవారికి, ఆ గోడల వెనుకనున్న రాయిని తవ్విన ఊరి పేరు రాయడానికి ఒక్క పంక్తి దొరకదా?

మనమూ తక్కువ తినలేదు. కోహినూరు పేరెత్తితే చాలు వాదనకు దిగుతాం గానీ, పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం సేకరణలో ఉన్న ఈ పిట్ వజ్రం ఊసెత్తం. ఇక కొల్లూరు గనుల నేల ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్లకింద ఉంది.