పదకొండు వ్యాసాలు, ఒక లాల్చీ

ఇరవై రెండేళ్లుగా ఒక దినపత్రికలో కళలకూ వారసత్వానికీ కేటాయించిన పేజీకి రాస్తున్నాను. ఆ పేజీ ప్రతి ఆదివారం వస్తుంది; ప్రకటనలు దండిగా వచ్చిన ఆదివారం రాదు. ఇన్నేళ్లలో నా పేరుతో ఒక వార్త మొదటి పేజీకి ఎక్కింది ఒక్కసారే. శ్రీకాళహస్తిలో 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన రాజగోపురం 2010 మే 26న కుప్పకూలిన మరునాడు. నిలబడినంత కాలం లోపలి పేజీకే పరిమితమై, పడిపోయిన నాడు మొదటి పేజీకి ఎక్కే వాటి గురించి రాయడమే నా ఉద్యోగమని ఆ రోజు నాకు బోధపడింది.

గుడ్డ మీద కలంతో బొమ్మలు వేసే ఆ ఊరి కలంకారీ మీద నేను పదకొండు వ్యాసాలు రాశాను. 1950వ దశకంలో కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో శిక్షణ కేంద్రం ఏర్పడి, కొడిగట్టిన ఆ కళ మళ్లీ ఎలా నిలదొక్కుకుందో అన్నింటిలోనూ చెప్పాను. "ఈ నలుపు ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు" అన్న వాక్యం కూడా అన్నింటిలోనూ ఉంది. మొదటిసారి ఎవరో చెప్పగా రాశాను. ఆ తరువాత నా పాత వ్యాసమే ఆధారంగా రాస్తూ వచ్చాను.

పన్నెండో వ్యాసం కోసం వెళ్లిన రోజు సాయంత్రమే తిరుపతిలో నాకు సన్మానం ఉంది. అందుకని మా ఆవిడ గంజి పెట్టి, ఇస్త్రీ చేయించి ఉంచిన కొత్త తెల్ల లాల్చీ తొడుక్కుని బయలుదేరాను. దారిలో ఒక గంట ఆగి, ఎరిగున్న పెద్దాయన పనిచేసే చోట నాలుగు ముక్కలు రాసుకుని పోదామన్నది నా ఆలోచన.

నేను వెళ్లేసరికి పెద్దాయన కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో గుడ్డను ముంచుతున్నాడు. పాల కొవ్వు రంగును పక్కలకు పాకనివ్వదు, కరక్కాయలోని వగరు రంగును పట్టుకుంటుంది. రాసేవాడు చేసి చూడాలన్న సిద్ధాంతం ఒకటి ఆ క్షణంలో నన్ను ఆవహించింది. గుడ్డ రెండో కొసను నేనే పట్టుకుని పిండాను. పిండిన పాలలో సగం తొట్టిలోకి, సగం నా పొట్ట మీదికి వచ్చాయి.

"ఏమీ కాదు సామీ, ఎండలో నిలబడండి, ఆరిపోతుంది" అన్నాడు పెద్దాయన. నిజంగానే ఆరిపోయింది. తెలిసీ తెలియని పసుపు ఛాయ తప్ప ఏమీ మిగలలేదు. అక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

పక్కనే కసిమి కుండ ఉంది. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి వారాల తరబడి పులియబెట్టిన ద్రవం అది. వాసన పుల్లని కల్లును తలపిస్తుంది, చూడటానికి మాత్రం పలుచని టీ నీళ్లలా అమాయకంగా ఉంటుంది. కలం అంటే మొన చెక్కిన వెదురు పుల్ల. మొనకు కాస్త పైన ఉన్ని గుడ్డ చుట్టి దారంతో బిగిస్తారు. ఆ గుడ్డ రంగును పీల్చుకుని, వేలితో నొక్కిన కొద్దీ మొనకు వదులుతుంది. ఎంత నొక్కాలో తెలియడానికి ఏళ్లు పడుతుందని పదకొండుసార్లు రాసిన నేను, దాన్ని బాల్‌పెన్నులా పట్టుకుని, ఉన్నదంతా ఒక్కసారే నొక్కాను.

మోచేతి మీద పడిన చుక్కలు టీ రంగులోనే ఉండిపోయాయి. పాలు ఆరిన చోట పడినవి మాత్రం మేము చూస్తుండగానే బూడిద రంగుకు తిరిగి, ఆ వెంటనే నల్లబడ్డాయి. కరక్కాయ వగరు, కసిమిలోని ఇనుము కలిస్తే నలుపు. ప్రక్రియలో ఒక్క మెట్టు కూడా తప్పకుండా, వరుస కూడా మారకుండా నా పొట్ట మీద నేనే పూర్తి చేసుకున్నాను.

"ఇది పోదా?" అని అడిగాను.

పెద్దాయన గోడవైపు చూపించాడు. అక్కడ నా ఏడో వ్యాసం అద్దాల చట్రంలో వేలాడుతోంది. "పోదని మీరే రాస్తిరి గదా సామీ!"

ఆయన జాలిపడి లాల్చీ విప్పించి, పలక మీద పరిచాడు. పెద్ద మరక ఒకటి, సాగిన చార ఒకటి, చిన్న చుక్క ఒకటి. కాసేపు తల పక్కకు వంచి చూసి, చుక్కకు కాళ్లు గీశాడు, చారకు పడగ విప్పాడు, పెద్ద మరకకు తొండం సాగదీశాడు. శ్రీ అంటే సాలెపురుగు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. ఊరి పేరంతా అరగంటలో నా లాల్చీ మీదికి వచ్చింది. ఆ అరగంట నేను బనియనుతో కూర్చుని, గుమ్మంలో చేరిన పిల్లలకు వినోదం పంచాను.

సన్మాన సభలో శాలువా కప్పితే బొజ్జ మీది ఏనుగు దాగుతుందని ఆశపడ్డాను. అధ్యక్షులవారు ఫొటో కోసం శాలువాను స్వయంగా పక్కకు తొలగించి, "రాసిందే ధరించిన రచయిత" అని కొనియాడారు. అది ఎక్కడ దొరుకుతుందని ముగ్గురు అడిగారు. ఇంట్లో మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. మా ఆవిడ మౌనంగా సబ్బుతో మూడు రోజులు, ఉతుకుడు సోడాతో మరో రెండు రోజులు రుద్దింది. చుట్టూ ఉన్న తెలుపు మరింత తేలి, ఏనుగు మరింత నిగనిగలాడింది.

పన్నెండో వ్యాసంలో ఆ పాత వాక్యాన్ని తొలిసారి స్వానుభవంతో రాశాను. ఆదివారం పేపరు విప్పి చూస్తే ఆ ఒక్క వాక్యం లేదు. డెస్కుకు ఫోన్ చేశాను. చోటు చాలక తీసేశామన్నారు. వ్యాసం కింద పావు పేజీలో, ఎంత మొండి మరకనైనా ఒక్క ఉతుకుతో వదిలిస్తుందని ఒక బట్టల సబ్బు ప్రకటన ఉంది.