ఏళ్ల తరబడి తాత్కాలికం

షిఫ్టు మారే వేళ ఏ పెద్ద కర్మాగారం గేటు దగ్గర నిలబడినా విషయం తెలిసిపోతుంది. కొందరి మెడలో కంపెనీ పేరున్న కార్డు ఉంటుంది. ఇంకొందరి చేతిలో లేబర్ కాంట్రాక్టర్ పేరున్న గేట్ పాస్ ఉంటుంది. లోపలికి వెళ్లాక ఇద్దరూ నిలబడేది ఒకే లైన్‌లో. ఇద్దరికీ టార్గెట్ ఒకటే, సూపర్‌వైజర్ కేకలూ ఒకటే. నెలాఖరున చేతికొచ్చే డబ్బు మాత్రం ఒకటి కాదు. ఒకరికి సెలవు పెడితే జీతం వస్తుంది, రెండో మనిషికి కోత పడుతుంది. ఒకరిని తీసేయాలంటే నోటీసు ఇవ్వాలి. రెండో మనిషికి 'రేపటి నుంచి రావొద్దు' అని కాంట్రాక్టర్ ఫోన్ చేస్తే చాలు.

దేశంలో ఉపాధి గురించి మాట్లాడేటప్పుడు ఎన్ని ఉద్యోగాలు వచ్చాయన్న లెక్క దగ్గరే చర్చ ఆగిపోతోంది. వచ్చినవి ఎలాంటి ఉద్యోగాలో ఎవరూ అడగడం లేదు. పరిశ్రమల వార్షిక సర్వే చూస్తే, కర్మాగారాల కార్మికుల్లో కాంట్రాక్టర్ల ద్వారా వచ్చినవారి వాటా ఈ శతాబ్దం మొదట్లో ఐదో వంతు దగ్గర ఉండేది. ఇప్పుడది నూటికి 40 దాటింది. కొత్తగా చేరే కార్మికుడికి కాంట్రాక్టు అన్నది మొదటి మెట్టు మాత్రమే కాదు, చాలామందికి చివరి మెట్టు కూడా అదే. నెల జీతం మీద బతికే వాళ్లలోనూ సగానికి పైగా మందికి రాతపూర్వక ఒప్పందమే లేదని కేంద్రం జరిపే కార్మిక సర్వేలు ఏటా చెబుతూనే ఉన్నాయి.

కంపెనీల దగ్గర డబ్బు లేక ఇలా జరుగుతోందా అంటే, కాదు. 2024-25 ఆర్థిక సర్వే స్వయంగా ఈ సంగతి ఎత్తి చూపింది. 2023-24లో కంపెనీల లాభాలు 22.3 శాతం పెరిగాయి, ఉద్యోగాలు పెరిగింది 1.5 శాతమే. లాభాలు 15 ఏళ్ల గరిష్ఠానికి చేరిన ఏడాది అది. ఆదాయ అసమానతల గురించి ఎన్ని సదస్సులు పెట్టినా, అసమానత ముందు పుట్టేది ఇక్కడే, ఒకే పనికి రెండు జీతాలు రాసే రిజిస్టర్‌లో.

కాంట్రాక్టు కార్మికుడి పే స్లిప్ ఒకసారి చేతిలోకి తీసుకుని చూడాలి. చాలామందికి అదీ ఇవ్వరు. ఇచ్చిన చోట పైన కాంట్రాక్టర్ పేరు, కింద 'కనీస వేతనం', ఆ కింద కోతలు ఉంటాయి. పీఎఫ్‌లో యజమాని కట్టాల్సిన వాటాను కూడా కార్మికుడి జీతంలోంచే లాగేస్తున్నారన్న ఫిర్యాదు ఈ రంగంలో కొత్తది కాదు. ఓవర్‌టైమ్‌కు చట్టం రెట్టింపు ఇవ్వమంది, స్లిప్‌లో ఆ గడి ఖాళీగా ఉంటుంది. రెండేళ్లకో మూడేళ్లకో టెండర్ మారుతుంది, కాంట్రాక్టర్ మారతాడు. యంత్రం అదే, మనిషీ అదే. కానీ కొత్త కాంట్రాక్టర్ రిజిస్టర్‌లో అతను నిన్నో మొన్నో చేరిన కుర్రాడు. గ్రాట్యుటీ రావాలంటే ఐదేళ్ల నిరంతర సర్వీసు కావాలని 1972 నాటి చట్టం పెట్టిన షరతు, దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టంలోనూ ఉంది. పన్నెండేళ్లు ఒకే షెడ్డులో పనిచేసిన మనిషికి కాగితం మీద ఐదేళ్లు ఎక్కడా పూర్తి కావు! దాచుకున్న పీఎఫ్ నాలుగు ఖాతాల్లో చెల్లాచెదురై ఉంటుంది. పాత కాంట్రాక్టర్ ఫోన్ ఎత్తడు, సంతకం పెట్టడు. కూతురి పెళ్లికో, ఆస్పత్రికో డబ్బు కావాల్సి వచ్చినప్పుడు అప్పు తప్ప దారి ఉండదు.

చట్టం లేక ఇదంతా జరగడం లేదు. కాంట్రాక్టు కార్మికుల చట్టం 1970లోనే వచ్చింది. దాని పేరులోనే నియంత్రణతో పాటు రద్దు అన్న మాట ఉంది. ఏడాది పొడవునా సాగే పనిలో కాంట్రాక్టు పద్ధతిని నిషేధించే అధికారం ప్రభుత్వాలకు ఇచ్చింది. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే అసలు యజమానే చెల్లించాలంది. మరుసటి ఏడాది వచ్చిన కేంద్ర నియమాలు ఇంకో అడుగు ముందుకేసి, ఒకే రకమైన పనికి కంపెనీ కార్మికుడితో సమానంగా కాంట్రాక్టు కార్మికుడికీ జీతం ఇవ్వాలన్నాయి. ఆ నియమం ఎన్ని కర్మాగారాల్లో అమలైందో కార్మిక శాఖ లెక్క చెప్పాలి. నిషేధించిన పనిలో ఉన్న కాంట్రాక్టు కార్మికులు దానంతటదే కంపెనీ కార్మికులైపోరని 2001లో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. అక్కడితో ఆ చట్టానికి ఉన్న కాస్త కోరా పోయింది.

ఇందులో తెలుగు నేలకూ ఒక పాత్ర ఉంది. ప్రధాన కార్యకలాపం, ప్రధానం కాని కార్యకలాపం అని పనుల్ని రెండుగా విడదీసింది 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణే. ప్రధాన పనుల్లో కాంట్రాక్టు వద్దన్నట్టు కనిపించే ఆ సవరణ, పారిశుద్ధ్యం, కాపలా, క్యాంటీన్, లోడింగ్ అన్లోడింగ్ వంటి పనులన్నిటినీ ఒక్క దెబ్బతో కాంట్రాక్టర్లకు వదిలేసింది. అదే ఆలోచన తర్వాత, పాత కార్మిక చట్టాల స్థానంలో కేంద్రం తెచ్చిన నాలుగు కోడ్‌లలో ఒకటైన వృత్తి భద్రతా కోడ్‌లోకి ఎక్కి, 2025 నవంబర్ 21 నుంచి దేశమంతటికీ చట్టమైంది. పైగా 20 మంది కాంట్రాక్టు కార్మికులుంటే వర్తించిన పాత చట్టం స్థానంలో, ఇప్పుడు 50 మంది ఉంటేనే వర్తించే ఏర్పాటు వచ్చింది. ఆస్పత్రిలో వార్డు ఊడ్చే పని ప్రధానమైనది కాదట. ఒక్క పూట ఊడ్చకపోతే ఆపరేషన్ థియేటర్ తలుపు తెరవగలరా?

ప్రైవేటు యజమానిని వేలెత్తి చూపే ముందు ప్రభుత్వాలు తమ ఆఫీసులు చూసుకోవాలి. మున్సిపాలిటీల్లో చెత్త ఎత్తేవాళ్లు, విద్యుత్ సబ్‌స్టేషన్లలో ఆపరేటర్లు, ఆస్పత్రుల్లో ల్యాబ్ టెక్నీషియన్లు, ఆఫీసుల్లో డేటా ఎంట్రీ ఆపరేటర్లు, గురుకులాల్లో వంటవాళ్లు: ఎక్కడ చూసినా ఔట్‌సోర్సింగే. ఊరు ఉన్నంతకాలం చెత్త ఉంటుంది. ఆ చెత్త ఎత్తే మనిషి, అందులోనూ అత్యధికులు దళితులు, ఏ ఏడాదికా ఏడాది రెన్యువల్ కోసం ఎదురుచూడాలి. మనుషుల్ని సరఫరా చేసినందుకు ఏజెన్సీకి కమిషన్, ఆ బిల్లు మీద చాలా సేవలకు 18 శాతం జీఎస్టీ. ఖజానా ఇచ్చేదానికీ కార్మికుడికి చేరేదానికీ మధ్య ఇంత దూరం పెట్టి, దీన్ని పొదుపు అంటున్నారు.

తాత్కాలిక ఉద్యోగులకు అదే పని చేసే రెగ్యులర్ ఉద్యోగి కనీస స్కేలు ఇవ్వాలని 2016 అక్టోబర్‌లో పంజాబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తక్కువ జీతానికి ఎవరూ ఇష్టపడి పనిచేయరని, ఇంట్లోవాళ్ల తిండి కోసం ఆత్మగౌరవం చంపుకుని చేస్తారని ఆ తీర్పు సారాంశం. కానీ ఆ తీర్పు ఫలం దక్కేది ప్రభుత్వం నేరుగా పెట్టుకున్నవాళ్లకు. మధ్యలో ఏజెన్సీని నిలబెడితే 'వీళ్లు మా ఉద్యోగులే కాదు' అని కోర్టులో వాదించడానికి దారి దొరుకుతుంది. ఔట్‌సోర్సింగ్ ఇంత వేగంగా పెరగడానికి అసలు కారణం ఇదే అని ఈ పత్రిక భావిస్తోంది.

రెండు తెలుగు రాష్ట్రాలూ ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. ఏజెన్సీల దోపిడీని తప్పించేందుకు ఆంధ్రప్రదేశ్ 2020లో ఆప్కాస్ పేరుతో ఔట్‌సోర్సింగ్ సేవల కార్పొరేషన్ ప్రారంభించింది. కమిషన్ల బెడద తగ్గించే ప్రయత్నం అది. అయితే ఉద్యోగి హోదా మారలేదు, ఔట్‌సోర్సింగ్ ఔట్‌సోర్సింగ్‌గానే ఉంది. తెలంగాణ 2023లో 5,544 మంది కాంట్రాక్టు ఉద్యోగుల్ని క్రమబద్ధీకరించింది. మిగిలినవాళ్ల మాటేమిటన్న ప్రశ్నకు జవాబు లేదు. 2023 డిసెంబర్‌లో సమ్మెకు దిగిన అంగన్‌వాడీ అక్కచెల్లెళ్ల మీద ఏపీ ప్రభుత్వం తర్వాతి నెలలో ఎస్మా ప్రయోగించింది. అత్యవసర సేవ అని చట్టం ప్రయోగించేటప్పుడు గుర్తొచ్చిన పని, జీతం ఇచ్చేటప్పుడు గౌరవ వేతనంగా మారిపోవడం అన్యాయం.

ఇక్కడ ఒక నిజమైన చిక్కు ఉంది, దాన్ని దాటేసి మాట్లాడకూడదు. దొడ్డిదారిన వచ్చినవాళ్లను రెగ్యులర్ చేస్తూ పోతే నోటిఫికేషన్ కోసం ఏళ్ల తరబడి చదువుతున్న లక్షల మంది పిల్లల సంగతేమిటి? తాత్కాలిక ఉద్యోగుల క్రమబద్ధీకరణపై వచ్చిన ఉమాదేవి కేసులో 2006 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అడిగింది ఇదే. అందరికీ సమాన అవకాశం ఇవ్వాలన్న రాజ్యాంగ నియమాన్ని అది గుర్తుచేసింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ తోడ్పాటుతో వచ్చిన 2024 నివేదిక ప్రకారం మన దేశంలో డిగ్రీ చదివిన యువతలో నిరుద్యోగం 2022లో 29.1 శాతం, చదవడం రాయడం రాని యువతలో 3.4 శాతం. హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లో ముగ్గురు నలుగురు కలిసి ఉంటూ, ఇంటి నుంచి వచ్చే డబ్బుతో గ్రూప్స్‌కు చదివే అబ్బాయికి ఉన్న టెన్షన్ కూడా నిజమైనదే.

అయితే ఉమాదేవి తీర్పును ప్రభుత్వాలు సగమే చదివాయి. సక్రమంగా ఖాళీలు భర్తీ చేయమన్న భాగాన్ని వదిలేశాయి. పదేళ్లకు పైగా మంజూరైన పోస్టుల్లో పనిచేసినవారిని ఒకసారికి క్రమబద్ధీకరించమన్న మాటనూ వదిలేశాయి. ఎవరినీ రెగ్యులర్ చేయనక్కర్లేదన్న అర్థాన్ని మాత్రం గట్టిగా పట్టుకున్నాయి. కేంద్ర జల సంఘం ఆఫీసులో పదేళ్లకు పైబడి ఊడ్చి తుడిచిన వాళ్ల కేసులో 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు దీన్నే తప్పుపట్టి, వాళ్లను రెగ్యులర్ చేయమంది. ఖాళీ పోస్టుకు నోటిఫికేషన్ ఇవ్వకుండా అదే కుర్చీలో ఏజెన్సీ మనిషిని కూర్చోబెట్టినప్పుడు నష్టపోతున్నది ఇద్దరూ. అశోక్‌నగర్ అబ్బాయికి పోస్టు పోయింది, కుర్చీలో ఉన్న అమ్మాయికి జీతం పోయింది. వీళ్లిద్దరినీ ఒకరి మీదకు ఒకరిని ఉసిగొల్పి తప్పుకునే హక్కు ప్రభుత్వానికి లేదు.

పరిశ్రమల వాదన వేరు. ఆర్డర్లు వస్తుంటాయి, పోతుంటాయి, అందర్నీ ఎప్పటికీ భరించలేమంటారు. సీజన్‌లో అదనంగా తీసుకునేవాళ్ల విషయంలో అది సబబే. ఆ అవసరం కోసమే కొత్త కోడ్‌లు నిర్ణీత కాలపు ఉద్యోగాలను చట్టబద్ధం చేశాయి. ఆ పద్ధతిలో కంపెనీ నేరుగా ఒప్పందం రాసుకోవాలి, పర్మనెంట్ కార్మికుడితో సమానంగా జీతం ఇవ్వాలి, ఏడాది చేస్తే గ్రాట్యుటీ ఇవ్వాలి. ఇది మంచి మార్పు, ఒప్పుకోవాలి. ప్రభుత్వ అనుమతి లేకుండా కార్మికుల్ని తొలగించే వీలున్న సంస్థల పరిమితినీ 100 నుంచి 300 మంది కార్మికులకు పెంచారు. ఇన్ని వెసులుబాట్లు ఇచ్చాక కూడా కాంట్రాక్టర్ ఎందుకు కావాలి? పనిలో ఒడుదొడుకులు తట్టుకోవడానికి కాదు, బాధ్యత తప్పించుకోవడానికి.

ఆ బాధ్యత ఎంత బరువైనదో 2025 జూన్ 30న పాశమైలారంలో చూశాం. ఫార్మా కర్మాగారంలో పేలుడుకు 50 మందికి పైగా బలయ్యారు. పొట్ట చేతపట్టుకుని బిహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశా వంటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు వారిలో ఎందరో. ఆ పూట లోపల ఎంతమంది ఉన్నారన్నదానిపై తొలి రోజుల్లో రకరకాల అంకెలు వినిపించాయి. కొందరి ఆనవాళ్లు కూడా దొరకలేదు. ఫొటో పట్టుకుని గేటుకూ ఆస్పత్రికీ మధ్య తిరిగిన కుటుంబాలకు, తమవాడు లోపలికి వెళ్లాడో లేదో చెప్పే రిజిస్టర్ ఆ క్షణాన అక్కడ సిద్ధంగా ఉండాలి కదా! శిక్షణ లేని మనిషిని ప్రమాదకరమైన యూనిట్‌లోకి ఎవరు పంపారు, ఎవరి రోల్ మీద పంపారు అన్న ప్రశ్నకు కంపెనీ కాంట్రాక్టర్‌నూ, కాంట్రాక్టర్ సబ్‌కాంట్రాక్టర్‌నూ చూపించే పరిస్థితి ఏ కర్మాగారంలోనూ ఉండకూడదు.

ఇప్పుడు కేంద్రం రూ. 99,446 కోట్లతో వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన అమలు చేస్తోంది. 2025 ఆగస్టు నుంచి రెండేళ్లలో 3.5 కోట్ల ఉద్యోగాలు లక్ష్యం. కొత్తగా చేరే ఉద్యోగికి రూ. 15,000 వరకు, యజమానికి ఒక్కో ఉద్యోగికి నెలకు రూ. 3,000 వరకు ప్రోత్సాహకం ఇస్తారు. ఇది ప్రజల డబ్బు. పీఎఫ్ రోల్‌లో పేరు చేరిందా లేదా అన్నదే కొలమానం అయితే, పాత మనిషిని పంపి కొత్త మనిషిని తెచ్చుకునే కాంట్రాక్టర్‌కూ ఇందులో లాభమే. కంపెనీ సొంత రోల్ మీద తీసుకున్న ఉద్యోగానికే ఈ సొమ్ము దక్కాలి.

మిగిలిన పని చాలావరకు రాష్ట్రాల చేతిలో ఉంది. కోడ్‌ల కింద రాసుకునే నియమాల్లో సమాన పనికి సమాన వేతనం అన్న 1971 నాటి మాటను విడవకుండా ఉంచాలి. కాంట్రాక్టర్ ఎన్నిసార్లు మారినా అదే ప్రాంగణంలో చేసిన సర్వీసును కలిపి లెక్కించి గ్రాట్యుటీ, సెలవులు ఇచ్చే బాధ్యత అసలు యజమానిదేనని రాయాలి. గేటు దాటి లోపలికి వెళ్లిన ప్రతి మనిషి పేరూ కంపెనీ రిజిస్టర్‌లోనే ఉండాలి. ఇక ప్రభుత్వ కార్యాలయాల విషయానికొస్తే, బడ్జెట్ పుస్తకాల్లో ఔట్‌సోర్సింగ్ వాళ్ల జీతాలు జీతాల పద్దులో కనిపించవు, కాంట్రాక్టు సేవల పద్దులో కలిసిపోతాయి. ఏ శాఖలో, ఏ పనిలో, ఎన్నేళ్లుగా ఎంతమంది ఉన్నారో, వాళ్ల వెనక ఎన్ని మంజూరైన పోస్టులు ఖాళీగా పడి ఉన్నాయో శాఖలవారీగా శాసనసభ ముందు పెట్టాలి. వచ్చే బడ్జెట్ సమావేశాల్లోనే రెండు ప్రభుత్వాలూ ఆ జాబితా బయటపెట్టాలని ఈ పత్రిక కోరుతోంది.