నల్ల కవరు ఎందుకు?

నిన్న మెడికల్ షాపులో ప్యాడ్స్ అడిగాను. కౌంటర్లో అబ్బాయి అటూ ఇటూ చూసి, ప్యాకెట్‌ని పాత పేపర్లో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, మళ్లీ నల్ల కవర్లో పెట్టి ఇచ్చాడు. నా పక్కాయన దగ్గు మందు సీసా చేత్తో పట్టుకుని వెళ్లిపోయాడు. "కవరు వద్దు బాబూ" అన్నాను. "పర్లేదు మేడమ్, ఉంచండి" అన్నాడు తల దించుకుని. ఒళ్లు మండిపోయింది.

మన మాటలూ అలాగే ఉన్నాయి. అమ్మమ్మ 'బయట చేరింది' అనేది. అమ్మ 'దూరం' అంటుంది. చిన్నప్పుడు మాకు 'కాకి ముట్టింది' అని చెప్పేవారు. 'ముట్టు' అంటేనే ముట్టుకోవద్దని. 'నెలసరి' అని చక్కటి మాటుంది, అది పేపర్లో కనిపిస్తుందే తప్ప ఇంట్లో వినపడదు. ఆఫీసులో అయితే 'డేట్ వచ్చింది', అదీ గుసగుసగా.

అదే పిల్ల పెద్దమనిషి అయిన రోజున ఫ్లెక్సీ కడతారు, ఫంక్షన్ హాలు తీసుకుంటారు, ఊరంతా పిలిచి భోజనాలు పెడతారు. మరుసటి నెల నుంచి సొంత అన్నయ్యకు కూడా తెలియకూడదట! కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్నా 'జ్వరం' అని చెప్పాలి. ఇదేం న్యాయం?

2018లో ప్యాడ్స్ మీద 12 శాతం జీఎస్టీ ఎత్తేశారు. ఈ పేపరు చుట్టడం మాత్రం ఎవరూ ఎత్తేయలేదు.

ఇంటికొచ్చాక ఆరో తరగతి చదివే మా పాప కవరు విప్పి, "దీన్నెందుకమ్మా ఇలా దాచారు?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు.