స్విచ్ హక్కు ఎవరిది?

డాలస్‌కి ఉత్తరాన మా కాలనీలో ఏటా డిసెంబరు మొదటి శనివారం సాయంత్రం ఆరింటికి క్రిస్మస్ చెట్టు వెలిగిస్తారు. వెలిగించడమంటే తగలబెట్టడం కాదని మొదటి ఏడాది అమ్మకి ఫోన్లో నచ్చజెప్పేసరికి పావుగంట పట్టింది. ఈసారి విజిటింగ్ వీసా మీద స్వయంగా వచ్చి చూసింది. "కార్తీకం వెళ్లిపోయె, పోలిని కూడా స్వర్గానికి పంపించేశాం కదరా. ఇంకా ఈ చెట్టుకి దీపాలేంటి?" అంది. చెత్తడబ్బా ఎన్నింటికి లోపలికి లాక్కోవాలో కూడా రాసిపెట్టుకున్న మా హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) నిబంధనల్లో దీనికి మాత్రం జవాబు లేదు.

అయినా అసలు సమస్య దీపాలది కాదు, స్విచ్‌ది. నిరుడు సంఘం అధ్యక్షుడిగారి మనవరాలు నొక్కింది. అంతకుముందు ఏడాది హాట్ చాక్లెట్‌కి డబ్బులిచ్చిన ఇళ్ల ఏజెంటు నొక్కాడు. నూట యాభై గడపల కాలనీలో నలభైకి పైగా మనవాళ్లవే. దీపావళికి కట్టిన సీరియల్ లైట్లు సంక్రాంతి దాకా దించకుండా ఈ వీధులకి నిరంతరాయంగా వెలుగునిస్తున్న జాతి మనది. అలాంటిది స్విచ్ దగ్గరికి ఒక్కసారీ మనల్ని రానివ్వలేదు. ఇలాంటి అన్యాయం మీద ఎవరో ఒకరు గొంతెత్తాలి కాబట్టి నేనే ఎత్తాను.

వట్టి చేతులతో వెళ్లలేదు, చరిత్ర తవ్వుకుని వెళ్లాను. క్రిస్మస్ చెట్టుకి మొట్టమొదట కరెంటు దీపాలు పెట్టిన ఎడ్వర్డ్ జాన్సన్ 1882లో న్యూయార్క్‌లో తన ఇంట్లోనే ఎనభై ఎరుపు, తెలుపు, నీలం బల్బులు వెలిగించాడు. ఆయన ఎడిసన్ కంపెనీలో పెద్ద హోదాలో ఉన్నవాడు. కరెంటు అమ్ముకునేవాడే ఆచారం మొదలుపెట్టాడన్నమాట. అక్షయ తృతీయకి బంగారం కొట్టువాళ్ల భక్తి చూసినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. 1923లో అమెరికా అధ్యక్షుడు కూలిడ్జ్ వాషింగ్టన్‌లో మొదటి జాతీయ చెట్టుకి మీట నొక్కాడు. నొక్కాడే గానీ ఉపన్యాసం ఇవ్వలేదు. ఈ రెండో సంగతి మా అధ్యక్షుడికి ప్రత్యేకంగా గీత గీసి మరీ పంపాను.

ఇక కాలిఫోర్నియాలోని ఆల్టడీనా. అక్కడ ఒక వీధి పొడుగునా ఉన్న చెట్లకి 1920లో దీపాలు పెట్టడం మొదలుపెట్టారు. ఏం చెట్లనుకున్నారు? దేవదారులు! హిమాలయాల జాతి. విత్తనాలు ఇటలీలో సంపాదించి తెచ్చారు. ఏ క్యూలోనూ నిలబడకుండా 1885లోనే వేళ్లూనుకున్నాయి. (నా గ్రీన్‌కార్డు దరఖాస్తు సంగతి ఇక్కడ అప్రస్తుతం.) చెట్టు మాది కాబట్టి స్విచ్ కూడా మాదేనని వాదించాను. మన కాలనీది ప్లాస్టిక్ చెట్టు, చైనాలో తయారైందని ఒకాయన గుర్తుచేశాడు. ఆ లెక్కన స్విచ్ ఎవరికి పోతుందో ఆలోచించి, అందరూ గమ్మున మాట మార్చేశారు.

అప్పుడు తీశాను బ్రహ్మాస్త్రం. ఈ ఏడు దీపాల ఖర్చు పెరిగింది, చందాలివ్వండని కమిటీ అప్పటికే రెండు ఈమెయిళ్లు పంపింది. చందాలెందుకు, స్విచ్ వేలం వెయ్యండి అన్నాను. బాలాపూర్ గణేశుడి లడ్డు 1994లో 450 రూపాయలకి పోయింది. అదే లడ్డు 2025లో 35 లక్షలు పలికింది. ఇంతటి ఆర్థిక ప్రగతి ఏ కంపెనీ షేరుకైనా ఉందా? కమిటీ కోశాధికారి లెక్కల మనిషి, వెంటనే నిటారుగా కూర్చుంది. కాసేపాగి, "లడ్డు కొన్నవాళ్లకి లడ్డు వస్తుంది. స్విచ్ కొన్నవాళ్లకి ఏం వస్తుంది?" అంది. ఫోటో వస్తుందన్నాను. మనవాళ్లకి ఫోటో చాలు, తెల్లారేసరికి అది గుంటూరు దాకా వెళ్తుంది. విషయం పరిశీలించడానికి ఉపసంఘం వేశారు. అంటే ఏమిటో మీకు తెలుసు.

ఆ శనివారం రానే వచ్చింది. డిసెంబరన్న మాటేగానీ ఒంటి మీద చొక్కా బరువైపోయే ఉక్క. స్వెటర్లు వేసుకున్న పిల్లలు చెమటలు కక్కుతుంటే, మిషన్ పెట్టి వాళ్ల మీద సబ్బునురగ మంచు చల్లుతున్నారు. ఫైరింజను మీద శాంటా తాత దిగాడు. మా అధ్యక్షుడు కూలిడ్జ్ బాట పట్టకుండా ఇరవై రెండు నిమిషాలు మాట్లాడాడు. చివరికి ఎర్ర మీట బిగించిన చెక్కపెట్టె ముందు మళ్లీ ఆ మనవరాలినే నిలబెట్టి, జనమంతా "టెన్, నైన్" అంటూ మొదలుపెట్టారు.

త్రీ దగ్గరే చెట్టు వెలిగిపోయింది. పిల్ల వేలు ఇంకా గాల్లోనే ఉంది. ఎవరూ పట్టించుకోలేదు, చప్పట్లు కొట్టేశారు. అమ్మ ఒక్కతే చెట్టు వైపు కాకుండా పొదల వైపు చూస్తోంది. "అదుగో, వెలిగించింది వాడురా" అంది. నిజమే. పొదల వెనక కాలనీ పనులు చూసే అతను మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎక్స్‌టెన్షన్ తీగ కలిపేసి చేతులు దులుపుకుంటున్నాడు. పెట్టె దగ్గరికి వెళ్లి బల్లగుడ్డ ఎత్తి చూశాను. ఎర్ర మీట నుంచి వచ్చిన తీగ బల్ల కిందే ఆగిపోయింది. కొసకి నల్ల టేపు చుట్టి ఉంది.

మూడేళ్లుగా నేను పోరాడింది దీని కోసం! బాలాపూర్ లడ్డునైతే కనీసం పొలంలో చల్లుకోవచ్చు.

ఎనిమిదింటికి జనం పల్చబడ్డాక అతను తీగ పీకి, జాయింటు సరిచేస్తున్నాడు. అమ్మ నేరుగా అతని దగ్గరికి వెళ్లింది. ఆవిడకి ఇంగ్లీషు రాదు, అతనిది స్పానిష్. సైగలతోనే ఏదో మాట్లాడుకున్నారు. అతను నవ్వి ప్లగ్గు చేతికిచ్చాడు. అమ్మ చెప్పులు విప్పి పక్కన పెట్టి, ప్లగ్గు దూర్చి, వెలిగిన చెట్టుకి దణ్ణం పెట్టుకుంది. పేపరు కప్పులు ఏరుతున్న ఇద్దరు తప్ప చూసినవాళ్లు లేరు. ఫోటో కూడా లేదు.

ముప్పై అయిదు లక్షల దాకా పలకగల హక్కుని పాట లేకుండా, పైసా చెల్లించకుండా వాడేసుకున్నందుకు సొంత తల్లి మీదే కమిటీకి ఈమెయిలు రాశాను. జవాబు ఇంకా రాలేదు.